కూరగాయల బేరం ఎలా ఆడాలి, ఎక్కడ ఆపాలి? విజయనగరం, శ్రీకాకుళం వాళ్లు చెప్పండి

కొత్తకాపురం
అందరికీ నమస్కారం. మా వారికి బదిలీ కావడంతో ఈ మధ్యే విజయనగరం వచ్చాం. దాసన్నపేట వైపు ఉంటున్నాం. నేను పెరిగిన చోట అపార్ట్‌మెంటు కిందికి బండి వచ్చేది, చెప్పిన ధరకు కొనడమే తప్ప బేరం తెలియదు. ఇక్కడ నా ముందున్న ఆవిడకు వంకాయలు కిలో 30కి ఇచ్చి, నాకు 40 చెప్పారు. నా మాట తీరు విని చెప్పారో, కొత్త ముఖమని చెప్పారో తెలియదు. కూరలు, పళ్లు, చేపలు అన్నీ కలిపి నెలకు 5,000 దాటకూడదన్నది మా లెక్క. ధర ఎంత తగ్గించి అడగవచ్చు? రైతుబజారులో బేరం ఉంటుందా? అడిగి ఎవరి కడుపూ కొట్టాలని లేదు, అలాగని వెళ్లిన ప్రతిసారీ కిలోకు పది రూపాయలు ఎక్కువ పెట్టడమూ మా వల్ల కాదు.

కోట దగ్గరి అత్తయ్య
అమ్మాయీ, మార్కెట్‌కు వెళ్లగానే ముందు ఒక చుట్టు ఊరికే తిరుగు. నాలుగు చోట్ల ధర అడిగితే ఆ పూట వంకాయ ఎంతో, బెండకాయ ఎంతో నీకే తెలిసిపోతుంది. మొదటి కొట్టు దగ్గరే సంచి తెరిస్తే ఇక బేరానికి పట్టు ఉండదు. ధర అడిగేటప్పుడు కాయ చేతిలోకి తీసుకోవద్దు. ఏరడం మొదలుపెట్టావంటే కొనేస్తావని వాళ్లకు అర్థమైపోతుంది.

40 చెప్పినదాన్ని 20కి అడగడం మర్యాద కాదు, అలా అడిగితే రెండోసారి నీ వైపు చూడరు. ఒక కిలో అయితే 35 అడుగు, రెండు కిలోలు తీసుకుంటే 30కి అడుగు. పొద్దున్నే బోణీ వేళ బేరం కుదిరాక కొనకుండా మాత్రం వెళ్లిపోకు. బోణీ పాడైందని రోజంతా బాధపడతారు. ఆ వేళలో అడిగితే ఒక మెట్టు దిగుతారు కూడా, ఎందుకంటే మొదటి మనిషిని వట్టి చేతులతో పంపడం వాళ్లకు ఇష్టం ఉండదు.

అన్నిటికన్నా ముఖ్యం, ఒకే మనిషి దగ్గర కొన్నాళ్లు కొను. వాడుక పడితే ధర వాళ్లే సరిగ్గా చెప్తారు, పుచ్చు కాయ పడకుండా వాళ్లే ఏరి ఇస్తారు. అన్నీ తూచాక కరివేపాకు రెబ్బ, రెండు పచ్చిమిరపకాయలు కొసరు అడుగు. అది అడగకపోతేనే వింతగా చూస్తారు.

రామభద్రపురం రైతుబిడ్డ
మాది రామభద్రపురం దగ్గర పల్లె. వంగ, బెండ, టమాటా వేస్తాం. కొనేవాళ్లకు కనిపించని వైపు కొంచెం చెప్తాను.

మా మార్కెట్ నుంచి కూరగాయలు ఒడిశాకు, ఛత్తీస్‌గఢ్‌కు వెళ్తాయి. ధర మా చేతిలో ఉండదు. అటు నుంచి కొనేవాళ్లు ఎక్కువ వస్తే ఆ పూట ధర లేస్తుంది, రాకపోతే పడిపోతుంది. బుట్ట దించిన దగ్గర్నుంచి కమీషన్, హమాలీ, తరుగు అంటూ కోతలు మొదలవుతాయి. టమాటా విరగ కాసిన ఏడాది కోత కూలి కూడా రాదని చేలోనే వదిలేసిన రోజులున్నాయి. 2023 జూలైలో అదే టమాటా కిలో వంద దాటితే, ప్రభుత్వం రాయితీ భరించి రైతుబజార్లలో 50 రూపాయలకు అమ్మించింది. అప్పుడు మా చేలో ఒక్క కాయ లేదు. మా వైపు టమాటా చలికాలం పంట. ఎండలు ముదిరాక మదనపల్లె వైపు నుంచి రావలసిందే. అలాంటి రోజుల్లో చిల్లరగా అమ్మే మనిషిని టమాటా తగ్గించమని ఎంత అడిగినా లాభం లేదు, తనే ఎక్కువ పెట్టి తెచ్చి ఉంటాడు. దొండకాయో బీరకాయో వండుకోవడమే దారి.

ఇక రైతుబజారు. ఇవి 1999 జనవరి 26న మొదలయ్యాయి. రైతుకు గుర్తింపు కార్డు ఇస్తారు, ప్రతి ఉదయం ధరలు బోర్డు మీద రాస్తారు. ఆ ధరకు మించి అమ్మకూడదు, తగ్గించి అమ్మితే ఎవరూ వద్దనరు. లోపల కూర్చున్న వాళ్లందరూ రైతులే అనుకోకండి. బంగాళాదుంప, ఉల్లి వంటి ఇక్కడ పండని సరుకు అమ్మడానికి స్వయం సహాయక సంఘాల వాళ్లకు చోటు ఇస్తారు, అది సక్రమమే. కానీ రైతు పేరు మీద మారుబేరం చేసేవాళ్లూ కొందరు ఉంటారు. ముందు పన్నెండు రకాలు పరిచి, క్యారెట్, క్యాబేజీ కూడా పెట్టుకున్న మనిషి అవన్నీ తన చేలో పండించలేదు. రెండే రకాలు పెట్టుకుని, కాయలు చిన్నా పెద్దా కలిసి ఉండి, తొడిమలు ఇంకా పచ్చగా ఉంటే అది చేను నుంచి నేరుగా వచ్చిన సరుకు. అక్కడ బోర్డు ధర ఇచ్చేయండి, అదే మాకు గిట్టుబాటు. మారుబేరగాడి దగ్గర ఎంత గట్టిగా అడిగినా తప్పులేదు.

లెక్కల మాస్టారు
ధర గురించి బాగా చెప్పారు. తూకం సంగతి కూడా చూడాలి. కిలో మీద ఐదు రూపాయలు తగ్గించానని సంతోషపడి, 850 గ్రాములు ఇంటికి తెచ్చుకుంటే 35 రూపాయల వంకాయ 41 పడినట్టు.

ఎలక్ట్రానిక్ కాటా అయితే గిన్నె పెట్టాక అంకె సున్నా చూపిస్తోందో లేదో చూసి, ఆ తరువాతే కూర వేయనివ్వండి. నిలబడే చోటు కూడా ముఖ్యమే, అంకె మీకు కనబడే వైపు నిలబడండి. అనుమానం వస్తే సంచిలో ఉన్న కిలో ఉప్పు ప్యాకెట్‌ను కాటా మీద పెట్టి చూడండి, కవరు బరువు కొన్ని గ్రాములు పోను సరిపోవాలి. నేను ప్రతిసారీ ఉప్పు ప్యాకెట్ కొన్నాకే కూరల దగ్గరికి వెళ్తాను. తక్కెడ అయితే ముల్లు నిలకడగా మధ్యకు వచ్చేదాకా ఆగండి. మామూలు రాళ్లూ ఇనుప ముక్కలూ తూకం బరువులుగా పెడితే కొనవద్దు, అవి చెల్లవు. తూనికలు కొలతల చట్టం 2009లో వచ్చింది. దాని నిబంధనల ప్రకారం ఎలక్ట్రానిక్ కాటాకు ఏడాదికొకసారి, తక్కెడకూ తూకం బరువులకూ రెండేళ్లకొకసారి ముద్ర వేయించాలి. మోసం కనబడితే 1915కు ఫోను చేయవచ్చు, అది జాతీయ వినియోగదారుల సహాయ సంఖ్య.

నాగావళి ఒడ్డు
శ్రీకాకుళం నుంచి. ఈ విషయం ఎక్కడ మొదలైనా ‘పేదవాళ్ల దగ్గర బేరం ఆడకండి’ అనే మాట తప్పకుండా వస్తుంది కాబట్టి నేను ముందే నా మాట చెప్తాను. కొనేవాళ్లలోనూ పేదవాళ్లు ఉంటారు. ప్రైవేటు బడిలో పాఠాలు చెప్తాను, జీతం 14,000. అద్దె, ఇద్దరు పిల్లలు, అత్తగారి మందులు అన్నీ అందులోనే. పెద్దమార్కెట్‌లో నేను మిగుల్చుకునే ఆ కాస్త డబ్బుతో మరునాడు పిల్లవాడి పళ్లెంలోకి కోడిగుడ్డు వస్తుంది. అమ్మేవాళ్లు బేరానికి చోటు పెట్టుకునే ధర చెప్తారు. అడగని మనిషి ఆ చోటుకు కూడా డబ్బు కడుతున్నట్టే. ఆకుకూర కట్ట పది అంటే నేను ఇరవైకి మూడు అడుగుతాను. ఇస్తారు. గిట్టకపోతే ఇవ్వరు కదా!

కోట దగ్గరి అత్తయ్య
పిల్లలున్న ఇల్లు నడపడం ఏమిటో నాకు తెలుసమ్మా. నీ మాటలో తప్పేమీ లేదు.

ఆకుకూరల గంప
నాగావళి ఒడ్డు గారూ, మీ జీతం సంగతి చదివి చాలాసేపు ఏమీ రాయలేకపోయాను. మీతో గొడవ పెట్టుకోవాలని రాయడం లేదు. కానీ ‘గిట్టకపోతే ఇవ్వరు’ అన్న మాట నిజం కాదు. మా అమ్మ అదే పెద్దమార్కెట్ బయట ఏళ్ల తరబడి ఆకుకూరలు అమ్ముతోంది. గిట్టకపోయినా ఇస్తుంది. ఎందుకిస్తుందో లెక్కతో చెప్తాను.

తెల్లవారకముందే అప్పు ఇచ్చే మనిషి దగ్గర 900 తీసుకుంటుంది. సాయంత్రం 1,000 ఇవ్వాలి. ఆ 900తో తోటకూర, పాలకూర, గోంగూర కట్టలు ఆరేసి రూపాయల చొప్పున 150 తెస్తుంది. రానూ పోనూ ఆటోకు 80, మార్కెట్ ఆశీలు 20. అంటే సాయంత్రానికి 1,100 వస్తే తప్ప ఆమె చేతికి రూపాయి రాదు. మంచి రోజున 120 కట్టలు పదికి పోతాయి, అవి 1,200. చీకటి పడే వేళకు వాడిన 20 కట్టలు ఐదేసికి ఇస్తుంది, అవి 100. మిగిలిన పది ఆవుకు. మొత్తం 1,300, అమ్మకు మిగిలేది 200. ఇప్పుడు ఆ 120లో 60 కట్టలు ఇరవైకి మూడు చొప్పున పోయాయనుకోండి. 600 రావలసిన చోట 400 వస్తాయి. ఆ 200 పోయాయి. ఆ రోజు అమ్మ ఊరికే కూర్చుని లేచినట్టే.

అయినా ఎందుకిస్తుందంటే, సాయంత్రానికి వెయ్యి చేతిలో పడకపోతే మరునాడు అప్పు పుట్టదు. తోటకూర మరునాటికి నిలవదు. ఉల్లిపాయలు అమ్మే మనిషి ‘రేపు అమ్ముకుంటాను పో’ అనగలడు, అమ్మ అనలేదు. అమ్మ వేళ్లు చూడండి ఒకసారి. పొద్దుటి నుంచి కట్టల మీద నీళ్లు చల్లి చల్లి చివర్లు తెల్లగా నాని ముడతలు పడి ఉంటాయి. ఎండలో గంటకొకసారి నీళ్లు చల్లకపోతే పాలకూర వాలిపోతుంది.

మీరు ఐదు దాటాక రండి. అప్పుడు ఇరవైకి మూడు కాదు, నాలుగు ఇస్తుంది, సంతోషంగా ఇస్తుంది. ఉదయం పూట మాత్రం అడగవద్దు. ఇదొక్కటే నా మనవి.

నాగావళి ఒడ్డు
బడి నుంచి వచ్చే దారిలోనే మార్కెట్. ఇక ఆకుకూర సాయంత్రమే కొంటాను, రాత్రి వంటకు అది చాలు. ఉల్లి, బంగాళాదుంపల దగ్గర మాత్రం అడుగుతూనే ఉంటాను.

ఆకుకూరల గంప
తప్పకుండా అడగండి. అవి నిలవుండే సరుకు, వాళ్లు బస్తాలతో తెచ్చేవాళ్లు.

లెక్కల మాస్టారు
అమ్మా, రోజుకు నూటికి పదకొండు రూపాయల వడ్డీ అది! వీధి వ్యాపారుల కోసం 2020లో పీఎం స్వనిధి పథకం వచ్చింది, మొదటి విడత 10,000 రూపాయల అప్పుతో మొదలైంది. మీ అమ్మగారు తీసుకున్నారా?

ఆకుకూరల గంప
తీసుకుంది మాస్టారూ. అది ఉన్నన్నాళ్లు పొద్దుటి అప్పు బాధ తప్పింది. తరువాత నాన్నకు ఒంట్లో బాగోలేక పెట్టుబడి డబ్బు ఆస్పత్రికి పోయింది. అప్పు వాయిదాలు కట్టేసింది. మళ్లీ అడగాలి, ఈ నెలలో నేనే దగ్గరుండి దరఖాస్తు పెట్టిస్తాను.

కొత్తకాపురం
ఇంత వివరంగా రాసినందుకు అందరికీ కృతజ్ఞతలు. అక్కా, మీ అమ్మగారి లెక్క మా వారికి కూడా చదివి వినిపించాను. ఇప్పుడు చేపల సంగతి ఎవరైనా చెప్పండి. అక్కడ ధర అడగడానికే భయం వేస్తుంది, గట్టిగా అరుస్తారు.

తీరంవాసి
మాది గార మండలం, కళింగపట్నం దగ్గర. ఆ అరుపులు కోపం కాదు తల్లీ. ఒడ్డు మీద గాలి హోరులో, వేలంపాట దగ్గర నలుగురి మధ్య ధర చెప్పే గొంతు అది. మార్కెట్‌కు వచ్చినా అలాగే ఉంటుంది.

మా ఆడవాళ్లు ఒడ్డున పాటలో పాడుకుని, గంపలో మంచు వేసి తెస్తారు. అక్కడి నుంచి ఒక్కో గంట గడిచే కొద్దీ సరుకు విలువ పడిపోతుంది, కాబట్టి చేపలో బేరం ఎప్పుడూ ఉంటుంది. కానీ ముందు చేపను చూడాలి, తరువాతే ధర. మొప్ప ఎత్తి చూపించమని అడగండి, ఎర్రగా తడిగా ఉండాలి. గోధుమ రంగుకు తిరిగితే వద్దు. కన్ను ఉబ్బెత్తుగా, నల్లగుడ్డు తేటగా ఉండాలి. వేలితో వీపు మీద నొక్కితే గుంట వెంటనే పూడాలి. పొట్ట మెత్తబడితే ఎంత చవకైనా తీసుకోవద్దు. మొప్ప చూపించమని అడిగేసరికి, వచ్చింది తెలిసిన మనిషి అని మావాళ్లకు అర్థమవుతుంది. చెప్పే ధర అప్పుడే సగం దిగుతుంది.

వంజరం, చందువా ఎప్పుడూ ఖరీదే. పిల్లలకు, ఇంటి ఖర్చుకు కవళ్లు, కానాగంతలు, నెత్తళ్లు కొనండి. తాజాగా ఉంటే వాటిని మించిన రుచి లేదు. నెత్తళ్లు పోగు లెక్కన అమ్ముతారు. ‘ఈ పోగూ ఆ పోగూ కలిపి ఎంత’ అని అడగండి, ఒక్క పోగుకు తగ్గించరు. చేప కోసి శుభ్రం చేసేవాళ్లు వేరే ఉంటారు, వాళ్ల డబ్బు వేరు. తూకం కోయకముందే వేయించుకోవాలి, కోత కూలి ఎంతో కూడా ముందే మాట్లాడుకోవాలి.

ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు 61 రోజులు తూర్పు తీరంలో వేట నిషేధం. చేపలు గుడ్లు పెట్టే కాలం కాబట్టి మరబోట్లు వెళ్లవు. ఆ రెండు నెలలు సముద్రపు చేప తక్కువ దొరుకుతుంది, ధర మండుతుంది. సముద్రపు చేపకు బేరం ఆడి ఓపిక పోగొట్టుకోకండి. చెరువు చేప కొనుక్కోండి, లేదంటే వేసవికి ముందే ఎండు నెత్తళ్లు కొని డబ్బాలో పెట్టుకోండి. ఎండు చేప కొనేటప్పుడు చేత్తో విరిచి చూడండి, పెళుసుగా విరగాలి. వంగితే తడి ఉన్నట్టు, తూకం పెంచడానికి ఆ తడి చాలు.

పలాస పలుకు
పండక్కి జీడిపప్పు కొనేవాళ్లకు ఒక మాట. పలాస పప్పు అని చెప్పి రకం కలిపి అమ్మడం ఎక్కువైంది. డబ్ల్యూ 320 అనే రకం అంటే ఒక పౌనుకు, అంటే సుమారు 454 గ్రాములకు, 300 నుంచి 320 గుండ్లు (విరగని పప్పులు). వంద గ్రాములు తూపించి లెక్కపెడితే 66 నుంచి 70 రావాలి. డబ్ల్యూ 240 అయితే 49 నుంచి 53. 240 ధర చెప్పి 320 ఇస్తున్నారేమో అక్కడే తేలిపోతుంది. పాయసానికి, పులిహోరకు గుండు పప్పు అక్కర్లేదు, బద్ద తీసుకోండి. చాలా తక్కువకు వస్తుంది, రుచిలో తేడా లేదు. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను మా పలాస వైపు ఉద్దానంలో జీడి, కొబ్బరి తోటలను నేలమట్టం చేసింది. కొత్త మొక్క కాపుకు రావడానికి ఏళ్లు పడుతుంది. మా ఊళ్ల దగ్గర రోడ్డు పక్కన రైతే కూర్చుని అమ్ముతుంటే బేరం మరీ గట్టిగా ఆడకండి.

లెక్కల మాస్టారు
అసలు డబ్బు పోయేది బియ్యం బస్తా దగ్గర. దాని గురించి ఎవరూ అడగలేదు. ఆకుకూర దగ్గర ఐదు రూపాయలకు ఆగే మనం, కొట్టులో 1,450 అనగానే తీసి ఇచ్చేస్తాం. 2022 జూలై 18 నుంచి 25 కిలోల వరకు ఉన్న ప్యాకింగ్ బియ్యం మీద 5 శాతం జీఎస్టీ వచ్చింది. అందుకే ఆ తరువాత 26 కిలోల బస్తాలు బయలుదేరాయి. ఒక కొట్టులో 25, ఇంకో కొట్టులో 26 పెట్టినప్పుడు బస్తా ధర పోల్చకండి, కిలో ధర పోల్చండి. 25 కిలోలు 1,450 అంటే కిలో 58. 26 కిలోలు 1,482 అంటే కిలో 57. పైకి ఎక్కువ కనిపించేదే ఇక్కడ చవక.

పప్పులు, నూనె ప్యాకెట్ల మీద ముద్రించేది గరిష్ఠ చిల్లర ధర. అంతకన్నా తక్కువకు అడగడంలో సిగ్గుపడాల్సింది ఏమీ లేదు. నెల సరుకు మొత్తం ఒకే చీటీ రాసుకుని వెళ్లి, ‘అంతా ఇక్కడే తీసుకుంటాను, ఎంతకిస్తారు’ అని రెండు కొట్లలో అడగండి. మా ఇంట్లో చీటీ మీద తగ్గేది నెల కూరగాయల బేరంలో తగ్గేదానికన్నా ఎక్కువ. బియ్యం దగ్గర కొత్తవా పాతవా అడగడం మరవకండి. పాతవాటికి ధర ఎక్కువ, కొత్తవి ఆ ధరకు అంటగడితే అన్నం ముద్దవుతుంది. మన జిల్లాల వాళ్లకు శ్రీకాకుళం సన్నాలు ఉన్నాయి, రాగోలు వ్యవసాయ పరిశోధన స్థానం వారి రకం. తెలిసిన రైతు ఉంటే కోతలయ్యాక ఇంటి నుంచే తెచ్చుకుని నిలవ చేసుకోవచ్చు.

నాగావళి ఒడ్డు
మాస్టారూ, చీటీ మాట బాగుంది. వచ్చే నెల నుంచి అలాగే అడుగుతాను.

కొత్తకాపురం
ఇంకొక్కటి అడుగుతాను. ఈ ఏడాది ఆవకాయ నేనే పెట్టాలి. వంద కాయలు ఒకేసారి ఎలా బేరం ఆడాలి? సువర్ణరేఖ చాలా కనబడుతోంది, అది తీసుకోవచ్చా?

కోట దగ్గరి అత్తయ్య
సువర్ణరేఖ పండు తినడానికి, ఊరగాయకు వద్దు. గట్టి పీచు, మంచి పులుపు ఉన్న నాటు కాయ అడుగు. ఒక కాయ అక్కడే కోయించి చూడు. టెంక బాగా ముదరాలి, కత్తికి అడ్డు తగలాలి. లేకపోతే ముక్కకు టెంక పెచ్చు నిలవక ఏడాది తిరిగేలోపు మెత్తబడిపోతుంది. ఆ కోసిన ముక్క నమిలి చూడు, పళ్లు జివ్వుమనాలి.

వంద కాయలకు ధర మాట్లాడేటప్పుడు రెండు మాటలు ముందే అనిపించుకోవాలి. కోసినప్పుడు లోపల పురుగో నలుపో కనబడితే మారు కాయ ఇవ్వాలి. ముక్కలు కొట్టే కూలి కలిపా, విడిగానా? సాధారణంగా కొట్టే మనిషి కాయకు ఇంత అని విడిగా తీసుకుంటాడు. ముక్కలు కొట్టడం అయ్యేదాకా నువ్వు పక్కనే నిలబడాలి. కాయలు ఇచ్చేసి కొత్తిమీర కోసం వెళ్లావంటే మారు కాయ లేదు, ఏమీ లేదు.

రామభద్రపురం రైతుబిడ్డ
వాన పడిన మరునాడు కొనకండి. గాలికి రాలిన కాయలు వస్తాయి, చవకగానే ఇస్తారు, కానీ దెబ్బ తగిలిన చోట ముక్క నల్లబడుతుంది. తొడిమ దగ్గర జిగురు కారుతున్న కాయ చెట్టు నుంచి కోసింది. ఇంటి నుంచి పొడి బట్ట తీసుకెళ్లి, కొట్టించకముందే కాయలు తుడిపించండి.

కొత్తకాపురం
అత్తయ్యగారూ, మీరు ఏ రోజు వెళ్తారు? నేను మీ వెంట వస్తాను.

కోట దగ్గరి అత్తయ్య
మే మొదటి వారం దాటకముందే వెళ్తాను. ఉదయం ఆరున్నరకు గంటస్తంభం దగ్గర ఉండు. రెండు గోనె సంచులు తెచ్చుకో, ప్లాస్టిక్ సంచి వద్దు, కాయ చెమరుస్తుంది. బేరం నువ్వే ఆడాలి, నేను పక్కన ఉంటాను.